బంగాళాఖాతం ఒక సంత: కలిసిన తీరాలు, విడిపోయిన తీరాలు

అండమాన్ రాజధాని శివార్లలో బతు బస్తీ అనే ఊరుంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన నగరాన్నే ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో సుమారు 3 లక్షల 80 వేల మంది ఉన్నారు. వారిలో 13 శాతానికి పైగా, అంటే దాదాపు 50 వేల మంది, తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకూ, అటవీ, ఓడరేవు, కట్టడాల పనులకూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ.

బతు బస్తీలో ఒక కిరాణా కొట్టును ఊహించుకోండి. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, సబ్బులు, పలకా బలపం – వీటిలో చాలా భాగం ఓడ ఎక్కి వచ్చినవే. ఇప్పుడు అట్లాసు తెరిచి, స్కేలు పెట్టి కొలవండి. విశాఖపట్నం ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. చెన్నై, కోల్‌కతా అంతకంటే దగ్గరేమీ కావు. కాని మయన్మార్‌లోని యాంగాన్, అంటే మన పెద్దలు చెప్పే రంగూన్, సుమారు 700 కిలోమీటర్లే. సుమత్రా ద్వీపపు కొసన ఉన్న బందా ఆచే, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ కూడా దాదాపు అంతే దూరంలో ఉన్నాయి. మరి సరుకు దగ్గర ఉన్న రేవుల నుంచి కాకుండా దూరపు రేవుల నుంచి ఎందుకు వస్తోంది?

జవాబు భూగోళంలో లేదు, చరిత్రలో ఉంది. రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలవవచ్చు. సరుకుకు మాత్రం ఇంకో దూరం ఉంటుంది. సుంకం, అనుమతి పత్రాలు, నాణేల మార్పిడి, ఓడల రాకపోకలు, చట్టాలు – ఇవన్నీ కలిసిన దూరం అది. దాన్ని ఆర్థిక దూరం అందాం. కొన్ని దేశాలు కలిసి తమ మధ్య ఆర్థిక దూరాన్ని తగ్గించుకోవడాన్నే ప్రాంతీయ ఆర్థిక సమైక్యత అంటారు. ఈ పాఠంలో బంగాళాఖాతం చుట్టూ ఉన్న తీరాలు ఒకప్పుడు ఎలా కలిశాయి, ఎందుకు విడిపోయాయి, ఇప్పుడు తిరిగి కలవడానికి చేస్తున్న ప్రయత్నం ఎవరికి మేలు, ఎవరికి భారం అన్నది పరిశీలిద్దాం.

సమైక్యతలో మెట్లు

ముందుగా కొన్ని పదాలకు అర్థం తెలుసుకోవాలి. దేశాల మధ్య ఆర్థిక సమైక్యత ఒక్కసారిగా రాదు. అది మెట్ల వంటిది.

మొదటి మెట్టు, కొన్ని వస్తువుల మీద పరస్పరం సుంకాలు తగ్గించుకోవడం. రెండవది స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం. ఇందులో సభ్య దేశాల మధ్య సుంకాలు దాదాపు ఉండవు. బయటి దేశాల విషయంలో మాత్రం ఎవరి సుంకం వారిదే. మూడవది కస్టమ్స్ యూనియన్. ఇందులో బయటి దేశాలపై అందరూ ఒకే సుంకం వేస్తారు. నాలుగవది ఉమ్మడి విపణి. సరుకుతో పాటు మనుషులూ, పెట్టుబడీ కూడా స్వేచ్ఛగా కదలవచ్చు. ఐదవది ఆర్థిక యూనియన్. విధానాలు, వీలైతే నాణెం కూడా ఒకటవుతాయి.

ఐరోపా ఈ మెట్లన్నీ ఎక్కింది. 1951లో ఆరు దేశాలు బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి అదుపులోకి తెచ్చాయి. 1957లో రోమ్ ఒప్పందం కుదిరింది. 1968 నాటికి కస్టమ్స్ యూనియన్ పూర్తయింది. 1993లో ఒకే విపణి, 1999లో యూరో వచ్చాయి. మన దేశం కూడా ఒక పెద్ద ఉమ్మడి విపణే. అయినా రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకం పన్ను చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరడం 2017 జులై 1న వస్తు సేవల పన్ను వచ్చేదాకా సాగింది. ఒక దేశం లోపలే సమైక్యతకు డెబ్బై ఏళ్ళు పట్టిందంటే, దేశాల మధ్య ఎంత కష్టమో గ్రహించవచ్చు.

సుంకాలు తొలగిస్తే అందరికీ మేలేనా? 1950లో జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త ఈ ప్రశ్నకు తేలికగా అవునని చెప్పలేమని చూపాడు. ఊహాసంఖ్యలతో ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక వస్తువు మన దేశంలో తయారైతే 120 రూపాయలు, 'క' దేశంలో 100, 'గ' దేశంలో 90. అందరి మీదా 20 శాతం సుంకం ఉంది. అప్పుడు 'క' సరుకు మన దగ్గర 120కి, 'గ' సరుకు 108కి వస్తుంది. మనం 'గ' దగ్గర కొంటాం. ప్రభుత్వానికి 18 రూపాయల సుంకం అందుతుంది. ఇప్పుడు 'క' దేశంతో మాత్రమే ఒప్పందం చేసుకున్నామనుకోండి. 'క' సరుకు 100కే వస్తుంది. కొనేవారికి 8 రూపాయలు మిగిలాయి. కాని ప్రభుత్వానికి 18 పోయాయి. ఇంతకు ముందు విదేశానికి 90 చెల్లించిన దేశం ఇప్పుడు 100 చెల్లిస్తోంది. చవకగా చేయగలవాడిని వదిలి, ఒప్పందం ఉన్నవాడి దగ్గర కొన్నాం. దీన్ని వాణిజ్య మళ్ళింపు అంటారు.

లెక్కలో 'గ' దేశమే లేదనుకోండి. అప్పుడు 120 పెట్టి ఇంట్లో తయారు చేసుకునే బదులు 100కి 'క' దగ్గర తెచ్చుకుంటాం. ఆ మేరకు మన శ్రమనూ పెట్టుబడినీ మరో పనికి మళ్ళించవచ్చు. దీన్ని వాణిజ్య సృష్టి అంటారు. ప్రతి ప్రాంతీయ ఒప్పందంలోనూ ఈ రెండూ కలగలిసి ఉంటాయి. ఏది ఎక్కువన్నది లెక్క తీసి చూడాలి తప్ప ముందుగా చెప్పలేం.

ముప్పైలో ఒక వంతు

సుంకం తగ్గిస్తే ఓడలు వస్తాయన్న తెలివి మనకు ఐరోపా నుంచి రాలేదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం అందుకు సాక్ష్యం. ఆ రేవు నేటి బాపట్ల జిల్లా తీరంలో ఉంది. అంతకు ముందు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను రాజులు బలవంతంగా తీసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులదేనని ప్రకటించాడు. ఎగుమతులకూ దిగుమతులకూ సుంకం ముప్పైలో ఒక వంతు, అంటే మూడు శాతం పైచిలుకు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు – ఏయే సరుకుకు ఎంతో శాసనంలో చెక్కించాడు.

ఇందులో గమనించవలసినవి మూడున్నాయి. సుంకం తక్కువ. సుంకం ఎంతో ముందే తెలుసు. అది అందరికీ కనిపించేలా రాతి మీద ఉంది. నేటి వాణిజ్య ఒప్పందాల్లో వందల పేజీల్లో రాసుకునే సుంకాల పట్టికకు మూలసూత్రం ఇదే. వర్తకుడు ఎక్కువ సుంకాన్నయినా ఓర్చుకుంటాడు కాని, రేపు ఎంత అడుగుతారో తెలియని రేవుకు ఓడను తోలడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా ఇదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

రంగం వెళ్ళిన కాలం

బ్రిటిష్ వారు 1826, 1852, 1885 యుద్ధాలతో బర్మాను మూడు విడతలుగా ఆక్రమించారు. దాన్ని భారతదేశంలో ఒక రాష్ట్రంగా కలిపారు. అంటే బంగాళాఖాతం రెండు తీరాలూ ఒకే సుంకపు గోడ లోపలికి వచ్చాయి. ఒకే రూపాయి, ఒకే తపాలా, ఒకే చట్టం. మనం చెప్పుకున్న మెట్లలో ఇది ఆఖరిది. అయితే దీన్ని ఎవరూ కోరి ఎక్కలేదు. ఓడించి ఎక్కించారు.

ఫలితం చాలా వేగంగా కనిపించింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపా విపణి దగ్గరైంది. ఇరావతి డెల్టాలో 1850ల్లో పది లక్షల ఎకరాలకు లోపున్న వరి సాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎగుమతిలో బర్మాదే మొదటి స్థానం. ఏటా సుమారు 30 లక్షల టన్నులు ఎగుమతి అయ్యేవి. 1930ల్లో అందులో దాదాపు సగం భారతదేశానికే వచ్చేది. ఇక్కడి నుంచి బట్ట, బొగ్గు, గోనెసంచులు అటు వెళ్ళేవి.

ఆ వరిని కోసి, మిల్లు ఆడించి, ఓడకెక్కించింది ఎవరు? చాలావరకు తెలుగువారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు నుంచి మొదట ఎక్కువమంది వెళ్ళినందువల్ల, బర్మాలో తెలుగువారందరికీ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడింది. అది కాలక్రమాన చిన్నచూపు మాటగా కూడా మారింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల్లో ఆగుతూ ఆవిరి ఓడలు వెళ్ళేవి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ వలసకు 'రంగం వెళ్ళడం' అని పేరు. కరవు వస్తే రంగం, అప్పయితే రంగం, ఇంట్లో అలిగితే రంగం. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులుండగా వారిలో తెలుగువారు లక్షకు పైనే. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే.

ఇక్కడ భౌతిక శాస్త్రం నుంచి ఒక పోలిక తెచ్చుకుందాం. రెండు గాజు పాత్రల్లో నీటి మట్టాలు వేరువేరుగా ఉన్నాయి. అడుగున గొట్టంతో కలిపితే మట్టాలు సమానం కావడానికి నీరు కదులుతుంది. ఉత్తరాంధ్రలో కూలి తక్కువ, రంగూన్‌లో ఎక్కువ. గొట్టం తెరవగానే మనుషులు కదిలారు. అయితే మనుషులు నీళ్ళు కారు. వచ్చినవారికీ, ముందునుంచీ ఉన్నవారికీ మధ్య మట్టం సమానమయ్యే దారిలో రాపిడి పుడుతుంది. ఆ రాపిడి నుంచి వేడి పుడుతుంది.

కూలీలను తీసుకువెళ్ళింది మేస్త్రీలు. ముందుగా కొంత సొమ్ము అప్పుగా ఇచ్చి, దాన్ని కూలిలో విరగ్గోసుకునేవారు. రేవులో కూలీ చేతికి అందేది ఓడ కంపెనీ ఇచ్చిన దానికంటే చాలా తక్కువ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వారి చోట బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె తీరి తెలుగువారు పనికి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. ఆ ఉదయం మొదలైన కొట్లాట రోజుల తరబడి సాగి, వంద మందికి పైగా చనిపోయారు. మరణించినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు. పేదవాడికీ పేదవాడికీ మధ్య ఆ తగవు పెట్టిన లెక్క ఎవరిదన్నది వాణిజ్య గణాంకాల్లో కనిపించదు.

గోడకు లోపల, గోడకు బయట

అదే కాలంలో గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏం జరిగిందో చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ డెల్టాలు కూడా బియ్యం పండించి అమ్మే ప్రాంతాలయ్యాయి. 1930 నాటి ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర సగానికి పడిపోయింది. సయాం మొదలైన దేశాల నుంచి చవక నూకలు మద్రాసు రాష్ట్రంలోకి దిగాయి. రైతుల గోడు విని భారత ప్రభుత్వం 1935లో విదేశీ నూకల మీద సుంకం వేసింది. కాని బర్మా బియ్యం విదేశీ సరుకు కాదు. అది గోడకు లోపలే ఉంది. సయాం బియ్యాన్ని సుంకంతో ఆపగలిగిన ప్రభుత్వం బర్మా బియ్యాన్ని ఆపలేకపోయింది.

వైనర్ తన సిద్ధాంతం రాయడానికి పదిహేనేళ్ళ ముందే, తెలుగు రైతుకు అది అనుభవంలోకి వచ్చిందన్నమాట. అదే బియ్యం కొనుక్కుని తినే మద్రాసు కూలీకి ఇది మేలు. పండించే డెల్టా రైతుకు కీడు. ఒకే ఒప్పందం ఒకే భాష మాట్లాడే ఇద్దరికి రెండు రకాలుగా పనిచేసింది.

బర్మాలోనూ ఇంతే. ధర పడిపోగానే బర్మా రైతులు చెట్టియార్ల దగ్గర తెచ్చిన అప్పులు తీర్చలేకపోయారు. 1930లో దిగువ బర్మా వరి భూమిలో చెట్టియార్ల చేతిలో ఉన్నది ఆరు శాతమే. 1937 నాటికి అది సుమారు నాలుగో వంతుకు చేరింది. వారు కోరుకున్నది వడ్డీ తప్ప పొలం కాదు. కాని భూమి పోయిన రైతుకు ఆ తేడా ఓదార్పు కాలేదు. సమైక్యత అంటేనే బర్మా ప్రజలకు పరాయి పెత్తనంగా కనిపించసాగింది.

తెగిన దారులు

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. వాణిజ్యాన్ని మాత్రం వెంటనే తెంచలేదు. పాత పద్ధతిలోనే సుంకాలు లేకుండా కొన్నేళ్ళు సాగనిచ్చారు. 1941లో కొత్త వాణిజ్య ఒప్పందం వచ్చింది. అదే ఏడాది భారతీయుల వలసపై ఆంక్షలు విధించే ఒప్పందం కూడా కుదిరింది. మెట్లు ఎక్కిన క్రమంలోనే దిగడానికి చేసిన ఏర్పాటు అది. కాని చరిత్ర మెట్లు దిగనివ్వలేదు, పై నుంచి తోసింది.

1942 మార్చిలో జపాను సేనలు రంగూన్‌ను పట్టుకున్నాయి. అదే నెలలో అండమాన్ దీవులను కూడా ఆక్రమించాయి. బర్మా నుంచి సుమారు నాలుగైదు లక్షల మంది భారతీయులు బయలుదేరారు. ఓడ దొరకనివారు అరకాన్ కొండల మీదుగా, మణిపురం, అస్సాం అడవుల మీదుగా నడిచారు. దారిలో వేలాదిమంది కలరాకూ, ఆకలికీ బలయ్యారు. బర్మా బియ్యం ఆగిపోయింది. 1943 నాటి బెంగాలు కరవుకు అనేక కారణాలున్నాయి. యుద్ధకాలపు ధరల పెరుగుదల, ప్రభుత్వ వైఫల్యం అందులో ముఖ్యమైనవి. బర్మా బియ్యం రాకపోవడం కూడా వాటిలో ఒకటి. ఆ కరవులో సుమారు 20 నుంచి 30 లక్షల మంది మరణించారని అంచనా. అండమాన్‌లో ఓడలు రాని ద్వీపం ఎలా ఉంటుందో 1944–45లో ప్రజలు చూశారు. తినడానికి గింజ లేక ఎందరో ఆకలితో చనిపోయారు.

ఇక్కడొక పాఠం ఉంది. వాణిజ్యం పెరిగిన కొద్దీ ఒక ప్రాంతం తాను బాగా చేసే పని మీదే నిలుస్తుంది, మిగిలినవి బయట నుంచి తెచ్చుకుంటుంది. దాంతో ఆదాయం పెరుగుతుంది. దానితో పాటే ఆధారపడటం కూడా పెరుగుతుంది. దారి తెరిచి ఉన్నంతకాలం ఆ రెండవది ఎవరి కంటికీ ఆనదు.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. 1962 మార్చిలో జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. తర్వాతి రెండేళ్ళలో బ్యాంకులు, దుకాణాలు, మిల్లులు జాతీయమయ్యాయి. సుమారు మూడు లక్షల మంది భారతీయులు దాదాపు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో ఇప్పటికీ 'బర్మా క్యాంపు' అనే పేట ఉంది. అది ఒక ఆర్థిక సమైక్యత ముగిసిన చోటు అని ఆ దారిన పోయేవారికి తెలియకపోవచ్చు.

మళ్ళీ కలపాలనే ప్రయత్నం

ఆగ్నేయాసియా దేశాలు 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఆసియాన్ సంఘాన్ని స్థాపించాయి. 1992లో స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం ఏర్పాటుకు నిర్ణయించాయి. దక్షిణాసియాలో సాఫ్టా ఒప్పందం 2006లో అమలులోకి వచ్చింది. అయితే ఐరోపా యూనియన్ దేశాల వాణిజ్యంలో సుమారు 60 శాతం, ఆసియాన్‌లో ఐదో వంతుకు పైగా తమలో తాము చేసుకునేది కాగా, దక్షిణాసియాలో అది ఐదు శాతం దరిదాపుల్లోనే ఉంది. ఒకే నదుల నీళ్ళు తాగే దేశాలు తమ మధ్య కంటే దూరదేశాలతోనే ఎక్కువ వ్యాపారం చేస్తున్నాయి.

బంగాళాఖాతం పేరుతోనే ఏర్పడిన సంస్థ బిమ్‌స్టెక్. 1997 జూన్ 6న నాలుగు దేశాలతో మొదలై, అదే ఏడాది చివర్లో మయన్మార్, 2004లో నేపాల్, భూటాన్ చేరికతో ఏడు దేశాల కూటమి అయింది. స్వేచ్ఛా వాణిజ్యానికి చట్రంగా 2004లోనే ఒక ఒప్పందం చేసుకున్నారు. రెండు దశాబ్దాలు దాటినా ఆ చట్రంలో అద్దం బిగించలేదు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ శిఖరాగ్ర సమావేశం సందర్భంగా సముద్ర రవాణా ఒప్పందంపై సంతకాలు జరిగాయి. మయన్మార్‌లోని సిత్వే రేవుకు, అంటే పాత అక్యాబ్‌కు, కోల్‌కతా నుంచి 2023 మేలో మొదటి సరుకు ఓడ వెళ్ళింది. 2021 సైనిక కుట్ర తర్వాత అక్కడ సాగుతున్న అంతర్యుద్ధం వల్ల ముందున్న రోడ్డు మార్గం మాత్రం పూర్తి కాలేదు.

భారత–ఆసియాన్ సరుకుల ఒప్పందం 2009 ఆగస్టులో కుదిరి 2010 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. తెలుగు నేలకు ఇది నేరుగా తగిలిన ఒప్పందం. ముడి పామాయిల్, కాఫీ, టీ, మిరియాలను మన దేశం 'ప్రత్యేక ఉత్పత్తులు'గా పెట్టి, సుంకాన్ని మెల్లగా తగ్గించడానికి ఒప్పుకుంది. 2019 చివరికి ముడి పామాయిల్‌పై గరిష్ఠ సుంకం 80 నుంచి 37.5 శాతానికి, కాఫీ, టీలపై 100 నుంచి 45కు, మిరియాలపై 70 నుంచి 50కి దిగాలి. అరకు గిరిజన రైతు కాఫీ, మిరియం తీగ, గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్ తోట – మూడూ ఈ పట్టికలోనే ఉన్నాయి. పామాయిల్ విషయంలో వంటింటి ధర అదుపు చేయడానికి మన ప్రభుత్వమే చాలాసార్లు సుంకాన్ని ఈ హద్దుకంటే బాగా కిందికి దించింది. అప్పుడు వినియోగదారు ఊపిరి పీల్చుకుంటాడు, గెలల ధర పడిపోయి తోట రైతు దిగులుపడతాడు. 1930ల బియ్యం కథలో ఉన్న ఇద్దరే ఇక్కడా ఉన్నారు.

ఆసియాన్‌తో మన వాణిజ్య లోటు 2010–11లో సుమారు 500 కోట్ల డాలర్లు. 2022–23కి అది 4,300 కోట్ల డాలర్లు దాటింది. దీన్ని చూసి ఒప్పందం వల్ల నష్టమేనని తీర్పు చెప్పడం తొందరపాటు. మనం తెచ్చుకునే వాటిలో బొగ్గు, వంటనూనె, ఎలక్ట్రానిక్ భాగాల వంటివి మన పరిశ్రమలకూ ఇళ్ళకూ అవసరమైనవే. అదే సమయంలో మన సరుకు అక్కడ ఎందుకు అంతగా చొరబడలేదన్నదీ అడగాలి. ఒప్పందాన్ని సమీక్షించాలని 2023లో రెండు పక్షాలూ నిర్ణయించాయి. 2019 నవంబరులో ఆర్‌సెప్ అనే మరింత పెద్ద కూటమిలో చేరకుండా మన దేశం వెనక్కి తగ్గడానికి కూడా ఇలాంటి శంకలే కారణం. మిగిలిన 15 దేశాలు 2020లో సంతకాలు చేశాయి.

ద్వీపాల ముందున్న ప్రశ్న

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధమైంది. అండమాన్ భారతదేశమనే ఉమ్మడి విపణిలో భాగం. విశాఖ నుంచి వచ్చే బియ్యానికి సరిహద్దు సుంకం లేదు. యాంగాన్ సరుకుకు సుంకం, పత్రాలు, తనిఖీ ఉన్నాయి. అన్నిటికంటే ముందు, క్రమంగా తిరిగే ఓడే లేదు. దేశం లోపలి రేవుల మధ్య సరుకు మోయడాన్ని 1958 నాటి నౌకాయాన చట్టం భారతీయ ఓడలకే ప్రధానంగా కేటాయించింది. విదేశీ ఓడకు ప్రత్యేక అనుమతి కావాలి. 2018లో ఎగుమతి, దిగుమతి కంటైనర్ల వరకు దీన్ని సడలించారు. తీర నౌకాయానానికి 2025లో విడిగా చట్టం చేశారు. స్వదేశీ నౌకా పరిశ్రమకు ఇలాంటి రక్షణ అవసరమే కావచ్చు. అయితే రోడ్డూ రైలూ లేని ద్వీపవాసికి ఓడ కిరాయి బియ్యం బస్తాలోనే కలిసి వస్తుందని మరువరాదు.

2018 మేలో భారత్, ఇండోనేషియా దేశాలు అండమాన్–నికోబార్‌కూ సుమత్రాకూ మధ్య రాకపోకలు పెంచాలని, సబాంగ్ రేవు అభివృద్ధికి కలిసి పనిచేయాలని నిర్ణయించాయి. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బే దగ్గర పెద్ద కంటైనర్ రేవు కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. మన దేశపు మార్పిడి కంటైనర్లలో నాలుగింట మూడు వంతులు కొలంబో, సింగపూర్, క్లాంగ్ వంటి విదేశీ రేవుల్లో ఓడ మారుతున్నాయని, ఆ ఆదాయం మనకే రావాలని ప్రభుత్వం వాదన. మలక్కా జలసంధికి పోయే ఓడలదారి ఆ ద్వీపానికి చాలా దగ్గర కాబట్టి ఈ వాదనకు బలముంది. కాని అదే ఇసుకతీరంలో తోలు వీపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ అడవిలో షోంపెన్లు, తీరంలో నికోబారీలు తరతరాలుగా ఉన్నారు. వారి జీవనం, అడవి నరికివేత, భూకంపాల ముప్పు గురించి శాస్త్రజ్ఞులు, సామాజిక పరిశోధకులు తీవ్రమైన అభ్యంతరాలు చెప్పారు.

చరిత్ర పాఠం ఈ వాదంలో తీర్పు చెప్పదు. ఏమి అడగాలో మాత్రం నేర్పుతుంది. రంగూన్ రేవు ఒకప్పుడు ప్రపంచంలోనే పేరున్న రేవు. ఎన్ని టన్నులు ఎక్కాయో లెక్క రాశారు. ఎవరి భూమి పోయింది, మోసినవాడికి ఎంత దక్కింది, దారి తెగిననాడు ఎవరు నడవాలి అన్నవి లెక్కలో రాయలేదు. ఆ సమైక్యత కూలినప్పుడు దాన్ని నిలబెట్టడానికి అక్కడి ప్రజల్లో ఎవరూ ముందుకు రాకపోవడానికి కారణం అదే.

నేటి ఒప్పందాలకు నాటికంటే ఒక మేలుంది. ఇవి దేశాలు కూర్చుని సంతకం చేసుకున్నవి. నచ్చకపోతే సమీక్షించవచ్చు, తప్పుకోవచ్చు. ఒక కొరత కూడా ఉంది. సరుకుకు తలుపు తీస్తారు, మనిషికి తీయరు. సామ్రాజ్య కాలంలో కూలీ కదిలాడు కాని అతనికి నోరు లేదు. ఇప్పుడు నోరుంది, కదలిక లేదు. ఈ రెండిటినీ కలిపి ఇవ్వగల సమైక్యత బంగాళాఖాతం తీరాల్లో ఇంకా పుట్టవలసే ఉంది.

ఆలోచించండి

1. మీ వంటింట్లోని పది వస్తువుల పేర్లు రాయండి. ఏవి దేశం లోపలివి, ఏవి దిగుమతి అయినవి? దిగుమతి నిలిచిపోతే వాటికి బదులు ఏం వాడతారు?

2. పై పాఠంలోని ఊహాసంఖ్యల లెక్కలో సుంకం 20 శాతానికి బదులు 10 శాతం ఉంటే, ఒప్పందం తర్వాత మనం ఎవరి దగ్గర కొంటాం? వాణిజ్య మళ్ళింపు జరుగుతుందా?

3. మీ ఇంట్లో గాని, వీధిలో గాని రంగం వెళ్ళివచ్చిన కుటుంబాల వారుంటే వారినడిగి, ఏ రేవులో ఓడ ఎక్కారో, ఏ దారిన తిరిగి వచ్చారో రాసుకోండి. ఆ కాగితం కూడా వాణిజ్య చరిత్రే.